పండు ఈగను అది పుట్టే చోటే పట్టాలి: ఉత్తరాంధ్ర ఉద్యానశాఖ అధికారులకు బహిరంగ లేఖ

విజయనగరం, శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల ఉద్యానశాఖ అధికారులకు, ఉద్యాన విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలకు, కృషి విజ్ఞాన కేంద్రాల సిబ్బందికి నమస్కారాలు.

విజయనగరం జిల్లా గంట్యాడ మండలంలో, తాటిపూడి జలాశయానికి కాస్త దిగువన, మా కుటుంబానికి నాలుగెకరాల మామిడి తోట ఉంది. అందులో మా తాతగారు వేసిన సువర్ణరేఖ చెట్లు కొన్ని, మా నాన్నగారు వేసిన బంగినపల్లి చెట్లు ఎక్కువ. ఈ లేఖ నష్టపరిహారం కోసం రాస్తున్నది కాదు, ఏ అధికారి మీదా ఫిర్యాదుగా రాస్తున్నదీ కాదు. పండు ఈగ విషయంలో మనం ఏళ్ల తరబడి చేస్తున్న పనిలో ఒక ముఖ్యమైన భాగం, అంటే ఈగను అదుపు చేసే చిన్న కందిరీగలను కాపాడుకోవడం, వదిలేస్తున్నామని, ఆ భాగాన్ని ప్రపంచంలో ఇతర చోట్ల, ముఖ్యంగా హవాయి దీవుల కాఫీ తోటల్లో, నూరేళ్లకు పైగా ఆచరించి చూపించారని, దానికి కావలసిన జీవి మన తోటల్లోనే ఉందని మీ దృష్టికి తేవడానికే రాస్తున్నాను.

మా తోటలో సువర్ణరేఖ ముందుగా కోతకు వస్తుంది కాబట్టి ఈగ బారి నుంచి చాలావరకు తప్పించుకుని ఒడిశాకో కోల్‌కతాకో వెళ్లిపోతుంది. బంగినపల్లికి ఆ అదృష్టం లేదు. ఎండాకాలం చివర రెండు వానలు పడి నేల తడిసిందంటే, ఆ తర్వాత దింపే కాయను నమ్మలేము. పైకి కాయ నున్నగా, పచ్చగా, చూడముచ్చటగానే ఉంటుంది. దగ్గరగా చూస్తే సూదితో గుచ్చినంత చుక్క, దాని మీద ఒక బొట్టు బంక కనిపిస్తాయి. మాగబెట్టిన మూడో నాటికి ఆ చుక్క చుట్టూ మెత్తబడుతుంది, కోసి చూస్తే టెంక దాకా తెల్ల పురుగులు లుకలుకలాడుతుంటాయి. పోయినేడు మా తోట గుత్తకు తీసుకున్న వ్యాపారి ఆఖరి దింపు లెక్కే వేయకుండా చెట్టు మీదే వదిలేసి వెళ్లిపోయాడు. అతన్ని తప్పుపట్టలేను, ఎందుకంటే ఆ కాయను కొన్న ఇంటివాళ్లు మళ్లీ మన మామిడి వైపు చూడరు. వదిలేసిన కాయ రాలి, కుళ్లి, ఆ కుళ్లులోంచి బయటపడిన పురుగు మట్టిలోకి దిగి, కొద్ది రోజులకు ఈగలై లేచి మా పక్క తోటల మీదకు వెళ్లింది. ఆ సంగతి నాకు తెలుసు, అయినా ఆ రోజుల్లో ఏమీ చేయలేకపోయాను. ఈ లేఖ రాయాలన్న ఆలోచన అప్పుడే మొదలైంది.

ఈ ఈగ బతుకు తీరు మీకు నాకంటే బాగా తెలుసు. అయినా నా అభ్యర్థనకు ఆధారం అందులోనే ఉంది కాబట్టి నాలుగు మాటలు చెప్పనివ్వండి. శాస్త్రజ్ఞులు బ్యాక్ట్రోసెరా డోర్సాలిస్ అని పిలిచే ఈ ఈగ పక్వానికి వస్తున్న కాయ తొక్కను పొడిచి లోపల గుంపుగా గుడ్లు పెడుతుంది. ఒకటి రెండు రోజుల్లో గుడ్లు పగిలి పురుగులు గుజ్జులోకి దిగుతాయి, వారం పది రోజులు తిని బలిసి కాయ నుంచి నేల మీదకు దూకి, రెండు మూడు అంగుళాల లోతున మట్టిలో గోధుమ రంగు గింజల్లాంటి కోశాలుగా మారతాయి, మరో పది రోజులకు అటూ ఇటూగా ఈగలై పైకి వస్తాయి. అంటే గుడ్డు తొక్క కింద, పురుగు గుజ్జులో, కోశం మట్టిలో దాక్కుంటాయి. నాలుగు దశల్లో మూడింటికి మన స్ప్రేయరు మందు తగలదు. తగిలేది ఎగిరే ఈగ ఒక్కదానికే, అది కూడా ఆ పూట మన చెట్టు మీద వాలి ఉంటేనే. పైగా కోత దగ్గరపడిన కాయ మీద మందు కొడితే ఆ అవశేషాన్ని తినేది కొనుక్కున్న వాళ్ల పిల్లలు.

మిథైల్ యూజినాల్ ఎరలు మీ శాఖ వారు ఇస్తున్నారు, మేము కడుతున్నాం, వాటిలో కుప్పలుగా ఈగలు పడుతున్నాయి కూడా. ఆ ఎర పుట్టుక మన దేశంలోనే కావడం నాకు ఎప్పుడూ గర్వంగా అనిపిస్తుంది. బీహారులోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థలో పనిచేసిన హౌలెట్ అనే కీటక శాస్త్రజ్ఞుడు, దోమల కోసం వాడిన నిమ్మగడ్డి జాతి నూనె వాసనకు పండు ఈగలు మూగడాన్ని పరిశీలించి 1912లో ప్రకటించాడు, తర్వాతి పరిశోధనలో మిథైల్ యూజినాల్ సంగతి తేలింది. మన పెరటి తులసిలో కూడా అదే పదార్థం ఉంటుంది. కానీ ఆ వాసనకు వచ్చేవి మగ ఈగలు మాత్రమే. ఊళ్లో పదిమంది రైతుల్లో ఇద్దరు ఎరలు కట్టి ఎనిమిది మంది కట్టకపోతే, మిగిలిన మగ ఈగలే ఆడ ఈగలన్నింటికీ సరిపోతాయి. గుడ్లు నిండిన ఆడ ఈగ పక్క తోట నుంచి వచ్చి వాలితే ఈ ఎర దాన్ని ఏమీ చేయలేదు. ఎరలు వద్దని నేననడం లేదు. వాటితోనే పని అయిపోయిందని అనుకోవద్దని అంటున్నాను.

ఇప్పుడు హవాయి సంగతి చెబుతాను. పసిఫిక్ సముద్రం నడుమ ఉన్న ఆ దీవుల్లో 1910లో మధ్యధరా పండు ఈగ మొదటిసారి కనిపించింది. అది మన మామిడి ఈగకు దాయాది, ఆఫ్రికా పుట్టిల్లు. అక్కడ దానికి ఇష్టమైన తావుల్లో కాఫీ తోట ఒకటి. ఎర్రబడిన కాఫీ పండు తొక్క కింద అది గుడ్లు పెడుతుంది, పురుగు ఆ పలచని తీపి గుజ్జును తింటుంది, గింజ జోలికి పోదు. అందుకే కాఫీ రైతుకు గింజ నష్టం పెద్దగా కనిపించదు. అయితే ఆ తోటల్లో పుట్టిన ఈగలు చుట్టుపక్కల పండ్ల తోటల మీద పడతాయి. ఒకరి తోటలో పెరిగి మరొకరి పంటను పాడుచేసే పురుగును మందుతో గెలవడం ఎంత కష్టమో అక్కడి వాళ్లకు తొందరగానే అర్థమైంది. కాఫీ రైతుకు మందు కొట్టవలసిన అవసరమే కనిపించదు, మామిడి, నారింజ రైతులు ఎంత కొట్టినా ఈగలు వస్తూనే ఉంటాయి.

అప్పుడు హవాయి ప్రభుత్వం ఇటలీకి చెందిన ఫిలిప్పో సిల్వెస్త్రి అనే కీటక శాస్త్రజ్ఞుడిని ఆఫ్రికాకు పంపింది. ఈ ఈగ పుట్టిన చోట దాన్ని అదుపులో ఉంచుతున్న సహజ శత్రువులు ఏవో వెతికి తెమ్మని ఆయనకు అప్పగించిన పని. 1912, 1913 సంవత్సరాల్లో ఆయన పశ్చిమ ఆఫ్రికా తీరం పొడవునా తిరిగి, తర్వాత దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియాల మీదుగా, పురుగు పట్టిన పండ్లలో పెరిగే చిన్న చిన్న బదనిక కందిరీగలను ప్రాణాలతో హొనొలులు చేర్చాడు. 1914లో మరో బృందం వెళ్లి ఇంకొన్ని జాతులను తెచ్చింది. ఓడల కాలంలో, నెలల ప్రయాణంలో, ఆవగింజంత ప్రాణుల్ని బతికించుకుంటూ సముద్రాలు దాటించిన ఆ ఓపికకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఆ కందిరీగలు మనుషుల్ని కుట్టేవి కావు. తోక దగ్గర దారంలాంటి గొట్టంతో పండులోని ఈగ పురుగును వెతికి, దాని ఒంట్లో గుడ్డు పెడతాయి. ఈగ పురుగు కోశంగా మారాక లోపల పెరుగుతున్న కందిరీగ పిల్ల దాన్ని తినేస్తుంది, కోశం నుంచి ఈగకు బదులు కందిరీగ వస్తుంది. కోనా ప్రాంతపు కాఫీ తోటల్లో ఇవి గట్టిగా నిలదొక్కుకున్నాయి.

అవి కాఫీలో అంత బాగా పనిచేయడానికి కారణం తెలుసుకుంటే, మన మామిడికి ఏది పనికొస్తుందో ఏది పనికిరాదో తేలిపోతుంది. కాఫీ పండు చిన్నది, గుజ్జు పలచన. ఈగ పురుగు ఎక్కడికి జరిగినా కందిరీగ గొట్టం దాన్ని అందుకుంటుంది. మామిడి కాయలో అలా కాదు, పురుగు లోపలికి, టెంక వైపుకు దిగిపోతుంది. పురుగును వెతికి గుడ్డు పెట్టే కందిరీగకు అంత లోతు అందదు. అందుకే కాఫీలో గెలిచిన జాతిని తెచ్చి మామిడి తోటలో వదిలితే అదే ఫలితం వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకూడదు. నేనూ అలా చెప్పడం లేదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసే నాటికి హవాయికి మన ఆసియా ఈగ, అంటే మన మామిడిని పాడుచేస్తున్న ఈ డోర్సాలిస్ ఈగే, చేరింది. ఈసారి శాస్త్రజ్ఞులు మన ఆసియా వైపుకు వచ్చి వెతికారు. 1940ల చివరలో తీసుకెళ్లిన అనేక జాతుల్లో చివరకు పైచేయి సాధించింది ఫోపియస్ అరిసానస్ అనే కందిరీగ. అది పురుగు కోసం కాదు, గుడ్డు కోసం వెతుకుతుంది. ఈగ గుడ్డు పెట్టి లేచిపోయిన తాజా గాటును పసిగట్టి, అందులోంచే తన గొట్టాన్ని దింపి ఈగ గుడ్డులోనే తన గుడ్డు పెడుతుంది. ఈగ గుడ్డు ఎప్పుడూ తొక్కకు ఆనుకునే ఉంటుంది కాబట్టి కాయ కాఫీ పండంత చిన్నదైనా, బంగినపల్లి అంత పెద్దదైనా దానికి పెద్ద తేడా లేదు. 1950 దాటేసరికి హవాయిలో ఆసియా ఈగ సంతతిలో మూడింట రెండు వంతులకు అటూ ఇటూగా ఈ కందిరీగ పాలబడింది. కాఫీ తోటల్లోని మధ్యధరా ఈగను కూడా అదే ఎక్కువగా పట్టింది. తాహితి దీవికి 1996లో ఈ ఈగ చేరితే, 2002 నుంచి అక్కడ కూడా ఫోపియస్‌ను వదిలారు, జామలో ఈగల సంఖ్య బాగా పడిపోయింది. 2003లో కెన్యాలో బయటపడి ఆఫ్రికా మామిడిని ముంచెత్తిన ఈగ కూడా ఇదేనని శాస్త్రజ్ఞులు తర్వాత తేల్చారు, అక్కడికి కూడా హవాయి నుంచి ఈ కందిరీగనే 2006లో తీసుకెళ్లారు.

దయచేసి ఒక్క క్షణం ఈ ప్రయాణాన్ని గమనించండి. ఈగ మన వైపుది. కందిరీగ కూడా మన వైపుదే. ఫోపియస్ అరిసానస్ దక్షిణ, ఆగ్నేయ ఆసియా ప్రాంతానికి చెందినది, మన దేశంలో మామిడి పండు ఈగ మీద దీన్ని మన శాస్త్రజ్ఞులే నమోదు చేశారు. పురుగు మీద పెరిగే డయాకాస్మిమోర్ఫా లాంగికాడేటా అనే పొడుగు తోక కందిరీగ కూడా ఈ ప్రాంతానిదే. సముద్రాల అవతలి వాళ్లు వీటిని తీసుకెళ్లి పెంచుకున్నారు. మన తోటల్లో ఇవి వాటంతట అవి పనిచేస్తుంటే, ఉన్నాయని తెలియక మనమే చంపుకుంటున్నాం.

పోయినేడు ఆ ఆఖరి దింపు వదిలేసిన రోజుల్లో నేను చేసిన చిన్న పని ఇక్కడ చెప్పాలి. రాలిన కాయలు కొన్ని ఏరి, అడుగున ఇసుక పోసిన ప్లాస్టిక్ బకెట్లలో వేసి, పైన దోమతెర గుడ్డ బిగించి కట్టి వసారాలో పెట్టాను. ముందు ఈగలు లేచాయి. బకెట్ తీసేద్దామనుకుని కూడా మరో నాలుగు రోజులు ఉంచాను. అప్పుడు కనిపించాయి, చీమంత పొడవున్న రెక్కల పురుగులు, కొన్నింటికి వెనుక వెంట్రుకలాంటి తోక. ఈగలతో పోలిస్తే అవి చాలా తక్కువ, అయినా ఉన్నాయి. తోట చివర జామ చెట్ల కింద ఏరిన పండ్ల నుంచి మాత్రం ఎక్కువే వచ్చాయి. మా తోటలో మేము మామిడికి మందు కొడతాం, జామకు కొట్టం. ఈ తేడాకు అదే కారణమని రుజువు చేసే చదువు నాకు లేదు. కానీ గుడ్డు గాటు కోసం కాయల మీద గంటల తరబడి నడిచే కందిరీగకు, అదే కాయ మీద చల్లిన మందు ఏం చేస్తుందో ఊహించడం కష్టం కాదు. ఆ పురుగుల్ని ఒక చిన్న సీసాలో పెట్టి, ఇవి ఏ జాతివో చెప్పగలరా అని ఒక కార్యాలయానికి తీసుకెళ్లాను. అక్కడి ఉద్యోగి మర్యాదగానే మాట్లాడారు, అయితే చెప్పగలిగినవారు ఇక్కడ లేరన్నారు. నా మొదటి అభ్యర్థన ఇక్కడి నుంచే వస్తుంది. మూడు జిల్లాల్లోనూ మామిడి, జామ, వీధుల్లోని బాదం చెట్ల కింద రాలిన పండ్లను ఒక ఏడాది పొడవునా నెలనెలా సేకరించి, వాటి నుంచి ఏ ఈగలు, ఏ కందిరీగలు, ఎంత నిష్పత్తిలో వస్తున్నాయో లెక్క తీయించండి. బకెట్లు, ఇసుక, దోమతెరలు తప్ప దీనికి పెద్ద ఖర్చు లేదు. విశ్వవిద్యాలయ విద్యార్థులకు ఇది మంచి పరిశోధన పని కాగలదు.

రెండో సంగతి రాలిన కాయల విషయం. రాలిన కాయలను ఏరి రెండడుగుల లోతు గోతిలో పూడ్చాలని మీరు చెబుతున్న సలహా మంచిదే, ఎందుకంటే ఏమీ చేయకుండా వదిలేయడం కంటే అది వెయ్యి రెట్లు మేలు. కానీ పూడ్చినప్పుడు ఈగ పిల్లలతో పాటు కందిరీగ పిల్లలు కూడా మట్టిలోనే చనిపోతాయి. దీనికి హవాయి వాళ్లు ఒక ఉపాయం కనిపెట్టారు, తర్వాత హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి రైతులు కూడా దాన్ని అందిపుచ్చుకున్నారు. అదొక చిన్న గుడారం. పురుగు పట్టిన కాయలన్నీ అందులో వేసి మూసేస్తారు. గుడారం పైభాగంలో ఒక వల ఉంటుంది. ఆ వల కన్ను ఈగ దూరలేనంత చిన్నది, కందిరీగ దూరగలిగినంత పెద్దది. లోపల పుట్టిన ఈగలు లోపలే చస్తాయి, కందిరీగలు బయటకు వచ్చి తోటలోకి ఎగిరిపోతాయి. ఇంత తేలికైన పనిముట్టు మన ఊళ్లలో ఇంకా కనబడకపోవడం నాకు బాధ కలిగిస్తోంది. మన ఈగ ఒంటి వెడల్పు, మన కందిరీగల ఒంటి వెడల్పు కొలిచి సరైన వల కన్ను ఏదో విశ్వవిద్యాలయం తేల్చి చెప్పాలి, ఎందుకంటే అందులో పొరపాటు జరిగితే గుడారం ఈగల పెంపక కేంద్రం అవుతుంది. ఆ కొలత చెప్పి, నమూనా ఒకటి చూపిస్తే, ఊరి దర్జీ కుట్టిపెడతాడు. మహిళా సంఘాలకు ఆ కుట్టుపని అప్పగిస్తే వారికి కూడా ఆదాయం ఉంటుంది. రైతు సేవా కేంద్రం ఒక్కొక్క దాని దగ్గర ఒక్క గుడారం నిలబెట్టి, మామిడి కాలంలో రాలుకాయ అందులో వేయమని చాటింపు వేయించినా నాకు చాలు.

ఇక మందుల సలహాల మాట. కాయ అంతా తడిచేలా మందు కొట్టడానికి బదులు, బెల్లపు పాకమో మాంసకృత్తుల ఎరో కలిపి చెట్టు మొదలు మీద, కొమ్మల అడుగున అక్కడక్కడ చుక్కలుగా చల్లే పద్ధతిని ముందు వరుసలో పెట్టండి. గుడ్లు పెట్టే ముందు ఆడ ఈగకు మాంసకృత్తులు కావాలి, ఆ వాసనకు అదే వచ్చి తింటుంది. హవాయిలో స్పినోసాడ్ అనే పురుగుమందు కలిపిన ఎరను పరీక్షించి చూస్తే ఫోపియస్ దాని జోలికి పోలేదు. అక్కడ ఊళ్లకు ఊళ్లను కలుపుకుని నడిపిన కార్యక్రమంలో రాలుకాయ శుభ్రత, ఈ ఎర, మగ ఈగల ఎర, కందిరీగలు అన్నీ ఒకదానికొకటి తోడుగా పనిచేశాయి. కందిరీగ ఒక్కటే మామిడిని కాపాడుతుందని నేను ఆశపెట్టను. ఈగ గుడ్డు పెట్టిన కాయను కందిరీగ బాగుచేయదు, ఆ కాయలో పురుగు పెరిగే తీరుతుంది. అది తగ్గించేది తర్వాతి తరం ఈగల్ని. అందుకే దీని ఫలితం ఒక వారంలో కాదు, రెండు మూడు పంట కాలాల్లో కనబడుతుంది. గుత్తకు తీసుకునే వ్యాపారికి అంత ఓపిక ఉండదు, ఆయన లెక్క ఒక్క కాపుకే. కాబట్టి ఈ పనిని ఒక రైతు ఇష్టానికి వదలకుండా ఊరంతటికీ కలిపి చేయించవలసిన బాధ్యత మీ శాఖది. గుత్త ఒప్పందంలోనే, చివరి కాయ దాకా ఏరి గుడారంలో వేసే బాధ్యత ఎవరిదో రాసుకునేలా రైతులకు ఒక నమూనా పత్రం ఇచ్చినా ఎంతో మేలు.

కాఫీ తోట నేర్పిన పాఠం మనకు జామ చెట్టు దగ్గర, బాదం చెట్టు దగ్గర ఉపయోగపడుతుందని నా నమ్మకం. మామిడి లేని నెలల్లో ఈగ ఎక్కడ బతుకుతోంది? బడి ఆవరణలోని బాదం కింద, పెరటి జామ కింద, చెరువు గట్టు మీద ఎవరిదీ కాని చెట్ల కింద బతుకుతోంది. అక్కడ ఎవరికీ నష్టం కనిపించదు, కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కాఫీ రైతు ఎలా పట్టించుకోలేదో సరిగ్గా అలాగే. కానీ అవి మందు తగలని చోట్లు కాబట్టి కందిరీగలు కూడా అక్కడే పెరుగుతాయి. ఆ చెట్లను కొట్టేయమని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినవద్దు. వాటి కింద ఒక గుడారం పెడితే, ఈగల పుట్టిల్లే కందిరీగల పుట్టిల్లు అవుతుంది.

ఇవన్నీ మన ప్రాంతానికి కొత్త మాటలు కావు. చెరకు పీక పురుగుకు ట్రైకోగ్రామా అనే బదనిక కార్డులు ఆకుల అడుగున కట్టిన రైతులు ఈ జిల్లాల్లో ఇంకా ఉన్నారు. ఉద్దానంలో, కవిటి, సోంపేట వైపు కొబ్బరి రైతులకు నల్లతల గొంగళి పురుగు మీద వదిలే బదనికలు తెలుసు. కోనసీమలోని అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో వాటిని పెంచి రైతులకు ఇస్తున్నారు. 2016లో తమిళనాడులో బయటపడి మన కోస్తా కొబ్బరినంతా కమ్మేసిన సర్పిలాకార తెల్లదోమ విషయంలో, మందులు కొట్టవద్దు, ఎన్కార్సియా అనే బదనికను బతకనివ్వండి అని మీరే రైతులకు చెప్పారు. తిత్లీ తుపాను దెబ్బకు కూలిన తోటలను మళ్లీ నిలబెట్టుకుంటున్న రైతులు, చేతిలో మందు ఉన్నా కొట్టకుండా ఆగడమంటే ఎంత గుండె నిబ్బరం కావాలో ఆలోచించండి. కొబ్బరికి చెప్పగలిగిన ఆ మాటను మామిడికి కూడా చెప్పండి. అంబాజీపేటలో ఉన్నలాంటి పెంపక కేంద్రం ఒకటి పండు ఈగ బదనికల కోసం ఆమదాలవలసలోనో రస్తాకుంటుబాయిలోనో, కృషి విజ్ఞాన కేంద్రాల ఆవరణలోనే పెట్టవచ్చు. ఫోపియస్‌ను ప్రయోగశాలలో పెంచడం తేలిక కాదు, దానికి ముందు ఈగనే లక్షల్లో పెంచాలి, ఈ విద్య హవాయి శాస్త్రజ్ఞులకు పట్టుబడడానికే చాలా కాలం పట్టింది. అందుకే ముందు లెక్క, తర్వాత గుడారం, ఆ తర్వాతే పెంపక కేంద్రం అని అడుగుతున్నాను.

ఘాట్ రోడ్డు ఎక్కితే కాఫీ తోటలున్న అరకు, అనంతగిరి కొండలు మాకు పొరుగే. మా గోస్తనీ నీళ్లు ఆ కొండల నుంచే దిగి వస్తాయి. అక్కడి కాఫీకి 2025లో కాయ తొలుచు పురుగు కనిపించిందన్న వార్త విని మేమూ కలవరపడ్డాం. అది ఈగ కాదు, నల్లని చిన్న పెంకు పురుగు, గింజలోకే దూరుతుంది, మన దేశంలో 1990లో నీలగిరుల్లోని గూడలూరు దగ్గర మొదట కనిపించింది. దానికి కూడా ఆఫ్రికా పుట్టిల్లైన బదనిక కందిరీగలు ఉన్నాయి, 1990 దశకంలోనే కాఫీ బోర్డు వాటిని విదేశాల నుంచి తెప్పించి దక్షిణాది తోటల్లో వదిలింది. కొండ మీద అధికారులు, కింద అధికారులు వేర్వేరు జిల్లాల వారైనా, బదనికలను గుర్తించే చదువు, పెంచే నేర్పు, రైతుకు నచ్చజెప్పే తీరు రెండు చోట్లా ఒకటే. ఆ పనిలో కాఫీ బోర్డు వారితో కలిసి శిక్షణ తీసుకుంటే మన సిబ్బందికి దారి దగ్గరవుతుంది.

విదేశాల నుంచి కొత్త జాతులు తెప్పించమని మాత్రం నేను అడగడం లేదు. హవాయి అనుభవంలో జాగ్రత్త కూడా ఉంది. పండు ఈగ కోసం తెచ్చిన ఒక కందిరీగ, అక్కడ లాంటానా కలుపును అణచడానికి వదిలిన మంచి ఈగను కూడా పట్టిందని తర్వాత తెలిసింది. బయటి జీవిని ఒకసారి వదిలాక వెనక్కి పిలవలేము. మన నేలలో ముందే ఉన్న జాతులకు ఆ భయం లేదు, అనుమతుల చిక్కు కూడా తక్కువ. వాటితో మొదలుపెట్టడమే క్షేమం.

పండు ఈగ వల్ల జపాన్ మన మామిడిని 1986 నుంచి 2006 దాకా ఇరవై ఏళ్లు రానివ్వలేదు. 2014 మే నుంచి కొన్ని నెలల పాటు ఐరోపా సమాఖ్య కూడా తలుపు మూసింది. వేడి నీటి శుద్ధి, ఆవిరి శుద్ధి కేంద్రాలు పెట్టాక ఆ తలుపులు తెరుచుకున్నాయి. అవి ఎగుమతి చేసే పెద్దవారికి ఉపయోగపడ్డాయి, మంచిదే. మా కాయ ఎక్కువగా ఎగుమతికి పోదు, విజయనగరం మార్కెట్‌కో, బండి మీద పక్క ఊరికో పోతుంది. దాన్ని కొనేది కూలి పని చేసుకుని సాయంత్రం పిల్లలకు రెండు పండ్లు పట్టుకెళ్లే మనిషి. ఆ పండు కోస్తే పురుగు కనబడకూడదన్నదే నా కోరిక.

ఈ ప్రయత్నాన్ని ఎక్కడ మొదలుపెట్టాలన్న ఆలోచన మీకు ఉంటే మా తోటను తీసుకోండి. నాలుగెకరాలకూ, చివర ఉన్న జామ చెట్లకూ రెండేళ్ల పాటు మీరు చెప్పిన మందు తప్ప వేరే మందు తాకనివ్వను, రాలిన కాయ ఒక్కటి కూడా నేల మీద ఉంచను, ఏరే పనికీ లెక్క రాసే పనికీ మీ దగ్గర డబ్బు అడగను. పక్కనున్న ముగ్గురు రైతులతో మాట్లాడాను, ఇద్దరు సరేనన్నారు, మూడో ఆయన గుడారం కళ్లతో చూశాక చెబుతానన్నారు. శీతాకాలం జామ పక్వానికి వచ్చేలోగా వల కన్ను కొలత తేలి, ఒక్క గుడారం మా జామ చెట్ల కింద నిలబడితే, వచ్చే వేసవి బంగినపల్లికి అందులోంచి లేచిన కందిరీగలు తోటలో ఉంటాయి. సీసాలో దాచిన ఆ పురుగులు ఇంకా మా ఇంట్లో భద్రంగా ఉన్నాయి. చూసి చెప్పగలిగినవారు ఎప్పుడు రమ్మంటే అప్పుడు తీసుకుని వస్తాను.

భవదీయుడు,
ఒక మామిడి రైతు,
గంట్యాడ మండలం, విజయనగరం జిల్లా.